వార్షిక నివేదిక 2025: మన పన్నులు, మన పోలీసులు, మన ఫైర్ స్టేషన్లు

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్ల సంఘం 2025లో చేసిన పనుల నివేదిక ఇది. ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకల ఫొటోలు, జమాఖర్చుల పట్టిక మీకు విడిగా పంపించాం కాబట్టి వాటి గురించి ఇక్కడ ఎక్కువగా రాయడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం పెట్టింది పౌర అవగాహన కమిటీ పని మీద. దానికి మూలం కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు అడిగిన ప్రశ్నలే. ఇంత ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం కదా, అందులో పోలీసులకు, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లేదెంత? ఎవరు నిర్ణయిస్తారు? మన మాట ఎక్కడ చెప్పుకోవాలి? ఈ మూడింటికీ జవాబులు వెతకడంలోనే ఏడాదంతా గడిచింది.

మనలో చాలామంది పెరిగిన చోట పోలీసు శాఖ, అగ్నిమాపక శాఖ రెండూ రాష్ట్ర ప్రభుత్వానివే. మునిసిపాలిటీకి ఇంటి పన్ను కడితే వీధి దీపాలు, చెత్త, మురుగు కాలువల గురించి నిలదీస్తాం గానీ స్టేషన్‌లో ఎంతమంది కానిస్టేబుళ్లు ఉండాలో మునిసిపల్ కౌన్సిలర్‌ను అడగం. అది ఆయన చేతిలో లేదు. ఇక్కడ సంగతి వేరు. డాలస్ చుట్టుపక్కల మనం ఉంటున్న ఏ సిటీ తీసుకున్నా పోలీసులకు, ఫైర్‌వాళ్లకు జీతాలిచ్చేది సిటీ ఖజానాయే. ఎంతమందిని పెట్టుకోవాలో తేల్చేది మన వీధిలోనో పక్క వీధిలోనో ఉండే కౌన్సిల్ సభ్యులే. ఇంత దగ్గరలో ఉన్న అధికారాన్ని మనవాళ్లు ఇన్నేళ్లుగా పట్టించుకోకపోవడం కమిటీలో అందరికీ బాధ కలిగించింది.

బిల్లు చదవడం నేర్చుకున్నాం

మొదటి కార్యక్రమం టాక్స్ బిల్లు మీదే పెట్టాం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, రాష్ట్రం తనకోసం ప్రాపర్టీ టాక్స్ కూడా వసూలు చేయదు. కాబట్టి మనం కట్టే ప్రాపర్టీ టాక్స్ మొత్తం స్థానిక సంస్థలదే. స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ (మన జిల్లా లాంటిది), సిటీ, కమ్యూనిటీ కాలేజీ, కొన్నిచోట్ల హాస్పిటల్ డిస్ట్రిక్ట్ లేదా మడ్ అని పిలిచే నీటి వసతి డిస్ట్రిక్ట్, ఇలా ఎవరి రేటు వాళ్లదే. అన్నిట్లో పెద్దది స్కూల్ డిస్ట్రిక్ట్ వాటా. పోలీసు, ఫైర్ ఖర్చుకు దానితో సంబంధం లేదు. అవి ఉండేది బిల్లులో సిటీ వరుసలో.

సిటీ హద్దుల బయట, కొత్త సబ్‌డివిజన్లలో ఇల్లు కొనుక్కున్న సభ్యులకు ఆ వరుస ఉండదు. వాళ్లకు పోలీసు అంటే షెరీఫ్, ఆ ఖర్చు కౌంటీ పన్నులో ఉంటుంది. మంటలార్పేవాళ్లకు, అంబులెన్స్‌కు చాలాచోట్ల ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ అని వేరే సంస్థ ఉంటుంది. దాన్ని ఏర్పాటు చేయాలంటే అక్కడి ఓటర్లు ఒప్పుకోవాలి. 100 డాలర్ల విలువకు 10 సెంట్లకు మించి పన్ను వేయకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. అంటే పన్ను లెక్కకు వచ్చే విలువ 5 లక్షల డాలర్లున్న ఇంటికి ఏడాదికి అది 500 డాలర్లు దాటదు. జనం వేగంగా పెరుగుతున్న ప్రాంతాల్లో ఈ పరిమితి దగ్గరకు వచ్చి ఆగిపోయిన డిస్ట్రిక్ట్‌ల సంగతి మనకు ముందుముందు ఎదురవుతుంది. సిటీలో పన్నులు ఎక్కువని బయటికి వెళ్లే కుటుంబాలు ఈ విషయం ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. ఇంటికి దగ్గర్లోని ఫైర్ స్టేషన్ ఎంత దూరంలో ఉంది, అందులో రాత్రిపూట మనుషులుంటారా లేదా అన్నది కొనే ముందు అడగాల్సిన ప్రశ్న.

ప్రతి వసంతంలో మనవాళ్లంతా ఉత్సాహంగా చేసే పని ప్రొటెస్ట్. ఇళ్లకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి నోటీసు వస్తుంది, మే 15లోగా లేదా నోటీసు వచ్చిన 30 రోజుల్లోగా, రెంటిలో ఏది తర్వాత వస్తే దాని ప్రకారం అభ్యంతరం చెబుతాం. విలువ తగ్గితే సంతోషిస్తాం. అది మన హక్కు, ఎవరూ మానుకోవాల్సిన పని లేదు. ఈ ఏడాది కూడా ప్రొటెస్ట్ ఎలా చేయాలో చెప్పే కార్యక్రమం పెట్టాం, ఎప్పటిలాగే హాలు నిండింది. కానీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ విలువ మాత్రమే కడుతుంది, పన్ను వేయదు. జూలై చివరికి ధ్రువీకరించిన విలువల జాబితా సిటీలకు చేరుతుంది. ఆ తర్వాత ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కౌన్సిల్ బడ్జెట్ వేసుకుని, దానికి సరిపడా రేటు ఖాయం చేస్తుంది. చాలా సిటీలకు ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఒక సెంటు రేటు మారితే 5 లక్షల విలువకు ఏడాదికి 50 డాలర్ల తేడా. మే నెలలో హాలు నింపినవాళ్లం ఆగస్టులో బడ్జెట్ విచారణకు గుప్పెడు మందిమే వెళ్లాం. డబ్బు ఎక్కడికి పోతుందో తేలే రోజు ఆగస్టులోనే ఉందని కమిటీ ఈ ఏడాది పదేపదే చెప్పింది, ఇక్కడా రాసిపెడుతున్నాను.

ఆ విచారణల్లో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి నో న్యూ రెవెన్యూ రేటు. కిందటేడు ఉన్న ఆస్తుల మీదే కిందటేటి అంత రాబడి తెచ్చే రేటు అది. ఇళ్ల విలువలు పెరిగితే ఆ రేటు తగ్గుతుంది. అందుకే, రేటు ఏమీ పెంచలేదని కౌన్సిల్ చెప్పినా మన బిల్లు పెరగవచ్చు. నో న్యూ రెవెన్యూ రేటును మించి వేయాలంటే సభ్యుల్లో కనీసం 60 శాతం మంది ఒప్పుకోవాలి, పన్ను రేటు పెరుగుతోందని తీర్మానంలోనే పైకి చదవాలి. రెండోది ఓటర్ అప్రూవల్ రేటు. 2019లో వచ్చిన సెనేట్ బిల్ 2 ప్రకారం సిటీలు, కౌంటీలు రోజువారీ నిర్వహణకు తీసుకునే రాబడిని పాత ఆస్తుల మీద ఏడాదికి 3.5 శాతానికి మించి పెంచుకోవాలంటే నవంబరులో ఓటర్ల దగ్గరికి రావాలి. అంతకు ముందు ఈ హద్దు 8 శాతం. కొత్తగా కట్టిన ఇళ్లు, దుకాణాల మీద వచ్చే పన్ను ఈ లెక్కలోకి రాదు. అందుకే ఊరు పెరుగుతున్నంతకాలం ఆ ఇబ్బంది పెద్దగా తెలియదు. ఖాళీ స్థలం అయిపోయిన పాత సిటీల్లోనే అసలు చిక్కు. అక్కడ జీతాలు, ఆరోగ్య బీమా, పెట్రోలు అన్నీ పెరుగుతాయి, రాబడికి మాత్రం హద్దు ఉంటుంది.

పన్ను కట్టేవాళ్లుగా ఈ హద్దు మనకు మేలే చేసింది. దాన్ని తీసేయాలని కమిటీ అనడం లేదు. మన బడ్జెట్‌లో దేనికి కోత పడుతుందో చూడకుండా హద్దును మాత్రమే మెచ్చుకోవడం సరికాదని మా అభిప్రాయం.

సభ్యులు చాలామంది అడిగిన మరో విషయం, నవంబరు 4న జరిగిన రాజ్యాంగ సవరణల ఓటింగ్. ఆ రోజు సొంతింట్లో ఉండేవాళ్లకు స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి తీసేసే హోమ్‌స్టెడ్ మినహాయింపు లక్ష డాలర్ల నుంచి 1,40,000 డాలర్లకు పెరిగింది. 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు అదనపు మినహాయింపు కూడా పెరిగింది. ఇది స్కూల్ వరుసకు మాత్రమే. పోలీసు, ఫైర్ ఖర్చు మీద దీని ప్రభావం లేదు. ఇక్కడ సొంతిల్లున్నా హోమ్‌స్టెడ్ దరఖాస్తు పెట్టుకోని కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయని ఈ కార్యక్రమంలోనే తెలిసింది. వాళ్లకు వాలంటీర్లు సాయం చేశారు.

ఫైర్ స్టేషన్లో తెలిసిన లెక్క

పిల్లలతో కలిసి ఫైర్ స్టేషన్ చూడటానికి వెళ్లిన కార్యక్రమం ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువమందికి నచ్చింది. పిల్లలు ఇంజన్ ఎక్కి హెల్మెట్లు పెట్టుకున్నారు. పెద్దలకు మాత్రం అక్కడి కెప్టెన్ చెప్పిన లెక్కలు కళ్లు తెరిపించాయి.

ఒక ఇంజన్ మీద నలుగురు ఉండాలన్నది జాతీయ ప్రమాణం. మంటల్లోకి ఇద్దరు వెళితే, వాళ్లకేమైనా అయితే లోపలికి వెళ్లడానికి ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలి. ముగ్గురే ఉంటే తోటి ఇంజన్ వచ్చేదాకా ఆగాల్సిన పరిస్థితి రావచ్చు. ఆ నలుగురూ 24 గంటలు డ్యూటీ చేసి 48 గంటలు ఇంటి దగ్గర ఉంటారు. కాబట్టి ఒక్క ఇంజన్ కదలాలంటే మూడు షిఫ్టులకు 12 మంది కావాలి. సెలవులు, శిక్షణ, గాయాలు లెక్కేసుకుంటే మరో ఇద్దరు ముగ్గురు అవసరం. ఇంజన్ ధర ఇప్పుడు పది లక్షల డాలర్లకు అటూ ఇటూ పలుకుతోంది, నిచ్చెన ఉన్న బండికి ఇంకా చాలా ఎక్కువ. ఆర్డరిచ్చాక చేతికి రావడానికి ఏళ్లు పడుతోంది. అయినా ముప్పై ఏళ్ల లెక్క చూస్తే బండి, భవనం చిన్న ఖర్చులే. అసలు ఖర్చు మనుషులది.

ఇక్కడే మన ఓటర్లు పొరబడే ఒక చోటు ఉంది. బిల్లులో సిటీ రేటు రెండు ముక్కలు. ఒకటి నిర్వహణకు, రెండోది అప్పు తీర్చడానికి. కొత్త ఫైర్ స్టేషన్ కట్టడానికి బాండ్ ఎన్నిక (అప్పు తీసుకోవడానికి ఓటర్ల అనుమతి అడిగే ఓటింగ్) పెడితే జనం ఇష్టంగా ఓటేస్తారు. ఆ అప్పు రెండో ముక్కలోకి వెళుతుంది, 3.5 శాతం హద్దు దానికి లేదు. ఆ స్టేషన్లో పనిచేసే వాళ్ల జీతాలు మాత్రం మొదటి ముక్కలోంచే రావాలి, హద్దు ఉన్నది దానికే. భవనానికి ఓటేసి మనుషుల సంగతి అడగకపోతే, రిబ్బన్ కత్తిరించిన స్టేషన్ సగం సిబ్బందితో నడిచే ప్రమాదం ఉంది. బాండ్ ఎన్నిక వచ్చినప్పుడల్లా సంఘం తరఫున ఒకే ప్రశ్న అడగాలని నిర్ణయించాం: ఈ స్టేషన్ తెరిచిన ఏడాది సిబ్బందికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో సంగతి మనవాళ్లను ఆశ్చర్యపరిచింది. దేశవ్యాప్తంగా ఫైర్ డిపార్ట్‌మెంట్లకు వచ్చే కాల్స్‌లో నిజంగా మంటల కోసం వచ్చేవి దాదాపు 4 శాతమే. దాదాపు మూడింట రెండొంతులు వైద్య సహాయం కోసం. ఇంట్లో నాన్నగారికి గుండెల్లో నొప్పి వచ్చి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తే అంబులెన్స్ కంటే ముందు ఇంజన్ వచ్చి ఆగడం చూసి కంగారుపడ్డవాళ్లు మనలో ఉన్నారు. దగ్గర్లో ఉన్నది ఆ బృందమే, వాళ్లకు వైద్య శిక్షణ ఉంటుంది, అందుకే వస్తారు. ఇళ్లలో మంటలు తగ్గాయి కదా, ఇంతమంది ఫైర్‌వాళ్లు ఎందుకని అనేవాళ్లకు జవాబు ఇదే.

అమెరికాలో చాలా ఊళ్లకు ఈ సదుపాయం కూడా లేదు. దేశంలో ఫైర్‌ఫైటర్లలో మూడింట రెండొంతులకు దగ్గరగా స్వచ్ఛంద సేవకులే. ఈ సంప్రదాయం 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలుపెట్టిన యూనియన్ ఫైర్ కంపెనీ కాలం నాటిది. జీతాలిచ్చి పూర్తికాలపు సిబ్బందిని పెట్టిన తొలి నగరం సిన్సినాటి, 1853లో. టెక్సాస్‌లో పల్లె ప్రాంతాలు చాలావరకు ఇప్పటికీ ఈ స్వచ్ఛంద దళాల మీదే ఆధారపడ్డాయి. 2024 ఫిబ్రవరిలో రాష్ట్రం ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌లో చెలరేగిన స్మోక్‌హౌస్ క్రీక్ మంట పది లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది, రాష్ట్ర చరిత్రలో అంత పెద్దది లేదు. దానికి ఎదురు నిలిచినవాళ్లలో ఎక్కువమంది పాత బండ్లతో, చాలీచాలని సామగ్రితో వచ్చిన స్వచ్ఛంద సిబ్బందే. వాళ్ల గురించి తెలుసుకున్నాక ఒక స్వచ్ఛంద ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు సంఘం విరాళం పంపింది. మొత్తం పట్టికలో ఉంది. మంచి పనే, కానీ విరాళాలతో నడవాల్సిన సేవ కాదు అది.

డబ్బు ఇంకెన్ని దారుల్లో వస్తుంది

ప్రాపర్టీ టాక్స్ ఒక్కటే దారి కాదు. సేల్స్ టాక్స్‌లో రాష్ట్రానికి 6.25 శాతం పోగా స్థానిక సంస్థలన్నీ కలిసి 2 శాతం దాకా వేసుకోవచ్చు. ఫోర్ట్ వర్త్‌లో ఓటర్లు 1995లో నేరాల నియంత్రణ డిస్ట్రిక్ట్ ఒకటి ఏర్పాటు చేసుకుని అర సెంటు సేల్స్ టాక్స్‌ను పోలీసు పనులకు కేటాయించారు. 2020 జూలైలో మరో పదేళ్లకు పొడిగించుకున్నారు. దీనిలో మంచి ఏమిటంటే, బయటి నుంచి వచ్చి కొనుక్కునేవాళ్లు కూడా కొంత భారం మోస్తారు. చిక్కు ఏమిటంటే, వ్యాపారం పడిపోయిన ఏడాది రాబడి కూడా పడిపోతుంది, నేరాలు మాత్రం ఆ ఏడాది సెలవు తీసుకోవు. పైగా ఆ 2 శాతంలో రవాణా, ఆర్థికాభివృద్ధి సంస్థలు ముందే వాటా తీసేసుకున్న సిటీలో పోలీసులకు మిగిలేది ఏమీ ఉండదు.

అద్దెకుండే విద్యార్థులు, కొత్తగా వచ్చిన ఉద్యోగులు తమకు ఈ గొడవతో సంబంధం లేదనుకుంటున్నారు. అపార్ట్‌మెంట్ యజమాని కట్టే పన్ను అద్దెలోనే కలిసి వస్తుంది. పైగా అద్దె ఇళ్లకు హోమ్‌స్టెడ్ మినహాయింపు గానీ, పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న రక్షణ గానీ ఉండవు. ఆ లెక్కన మన కుర్రవాళ్లే ఎక్కువ కడుతున్నారని అనుకోవచ్చు.

జరిమానాలతో పోలీసు శాఖను నడపడం అన్నిటికంటే చెడ్డ దారి. మిస్సోరీలోని ఫెర్గూసన్‌లో ఖజానా నింపడం కోసం పోలీసులు, కోర్టు కలిసి పేదవాళ్ల మీద జరిమానాలు ఎలా మోపారో 2015లో కేంద్ర న్యాయశాఖ నివేదిక బయటపెట్టింది. టెక్సాస్‌లో దీనికి కొంత అడ్డుకట్ట ఉంది. 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లు తమ రాబడిలో 30 శాతానికి మించి ట్రాఫిక్ జరిమానాల నుంచి తెచ్చుకుంటే మిగిలింది రాష్ట్రానికి ఇచ్చేయాలి. ఇన్ని టికెట్లు రాయాలని పోలీసులకు కోటా పెట్టడం కూడా చట్ట విరుద్ధం. హైవే మీద చిన్న ఊళ్లో టికెట్ పడితే కోపం రావడం సహజమే, కానీ ఆ ఊరి ఖర్చు అందరూ కట్టే పన్నులతో నడిస్తేనే పోలీసు చేతిలో టికెట్ పుస్తకం భద్రత కోసం ఉంటుందని గుర్తుపెట్టుకుందాం.

ఇంకో దారి, ఎవరికి కావాలంటే వాళ్లు విడిగా డబ్బు కట్టుకోవడం. మన కాలనీ సంఘాలు కొన్ని కలిసి ప్రైవేటు గస్తీ పెట్టుకుందామా అని ఈ ఏడాది అడిగాయి. హారిస్ కౌంటీలో కాలనీలు కౌంటీకి డబ్బు కట్టి డిప్యూటీలను (కౌంటీ పోలీసులను) తమ పేటకు కేటాయించుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మన కమిటీలో దీనిపై గట్టి చర్చే జరిగింది. దొంగతనాలు జరిగిన కాలనీ వాళ్ల టెన్షన్ అర్థం చేసుకోగలం, ఒప్పందం పెట్టుకున్నవాళ్లను తప్పు పట్టడం లేదు. కానీ డబ్బున్న కాలనీలన్నీ విడిగా కొనుక్కోవడం మొదలుపెడితే అందరికీ పనికొచ్చే పోలీసు సేవకు పన్ను ఎందుకివ్వాలన్న మాట తర్వాత వచ్చేస్తుంది.

ఆ మాట ఎక్కడికి తీసుకెళుతుందో టెనెసీలోని ఒబయన్ కౌంటీలో కనిపించింది. అప్పట్లో అక్కడ కౌంటీకి సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్ లేదు. ఊరి బయట ఉండేవాళ్లు పక్కనున్న సౌత్ ఫుల్టన్ సిటీకి ఏడాదికి 75 డాలర్లు కడితేనే వాళ్ల ఫైర్‌వాళ్లు వచ్చేవారు. 2010లో ఆ రుసుం కట్టని ఒక కుటుంబం ఇల్లు అంటుకుంది. సిబ్బంది వచ్చారు, రుసుం కట్టిన పక్కింటి పొలానికి మంట పాకకుండా చూశారు, ఈ ఇల్లు మాత్రం కాలిపోతుంటే చూస్తూ నిలబడ్డారు. ఆ సిబ్బంది కఠినాత్ములు కారు. రుసుం మంట అంటుకున్నాక కట్టొచ్చంటే ముందు ఎవరూ కట్టరు, అప్పుడు బండే ఉండదు. రుసుముల మీద నడిచే పద్ధతిలో ఉన్న చిక్కే అది. పన్ను ఆ కష్టాన్ని తీరుస్తుంది: అందరూ కడతారు, బండి ఎవరి ఇల్లని అడగదు.

పన్నుకు ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఓరెగాన్‌లోని జోసెఫిన్ కౌంటీ చెబుతుంది. అడవుల మీద వచ్చే కేంద్ర సాయం తగ్గిపోయాక 2012లో షెరీఫ్ ఆఫీసు కోసం పన్ను వేస్తామని ఓటర్లను అడిగారు, ఓడిపోయింది. డిప్యూటీలలో ఎక్కువమందిని తీసేశారు. గృహహింసకు భయపడేవాళ్లు పోలీసు సేవ ఉన్న చోటికి మారే ఆలోచన చేసుకోవాలని షెరీఫ్ ఆఫీసే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత వరుసగా పెట్టిన ఓటింగులూ ఓడిపోయాయి. ఇది చదివినప్పుడు మా మహిళా విభాగం సభ్యులు ఎంతసేపు దీని గురించే మాట్లాడుకున్నారో చెప్పలేను.

జూలై 4న మొదలైన వరదల్లో రాష్ట్రమంతటా 130 మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది గ్వాడలూప్ నది పారే కెర్ కౌంటీలో. అక్కడ నది వెంట హెచ్చరిక వ్యవస్థ పెట్టాలన్న మాట ఏళ్ల కిందటే కౌంటీ సమావేశాల్లో వచ్చింది. అడిగిన గ్రాంటు రాలేదు, స్థానిక డబ్బుతో పెట్టే పనీ జరగలేదు. వరద బాధితుల కోసం మనవాళ్లు చాలా ఉదారంగా ఇచ్చారు. ఇచ్చిన ప్రతి కుటుంబానికీ కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. ఆ విరాళాల లెక్క చెబుతూనే, అదే శ్రద్ధతో మన సొంత కౌంటీలో ఏ వాగు పక్కన ఏ హెచ్చరిక ఉందో అడగమని కోరుతున్నాను.

డాలస్ గొడవ, మన అభిప్రాయ భేదాలు

సభ్యుల్లో ఏకాభిప్రాయం లేని విషయం ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం మంచిది కాదు. 2016లో డాలస్ పోలీసు, ఫైర్ పెన్షన్ నిధి కుప్పకూలే దాకా వచ్చింది. ఉద్యోగులు దాచుకున్న సొమ్ముకు ఎక్కువ వడ్డీ హామీ ఇవ్వడం, రియల్ ఎస్టేట్‌లో పెట్టిన డబ్బు పోవడం దానికి ముఖ్య కారణాలు. నిధి మునిగిపోతుందన్న భయంతో చాలామంది తమ డబ్బు ఒకేసారి వెనక్కి తీసుకున్నారు. 2017లో రాష్ట్ర శాసనసభ కలగజేసుకోవాల్సి వచ్చింది. 2024 నవంబరులో డాలస్ ఓటర్లు ప్రపొజిషన్ యూ అనే చార్టర్ (సిటీకి రాజ్యాంగం లాంటిది) సవరణను ఆమోదించారు. పెరిగిన రాబడిలో సగం ముందు ఆ పెన్షన్‌కు, తర్వాత పోలీసు జీతాలకు, నియామకాలకు వెళ్లాలని, పోలీసుల సంఖ్య 4 వేలకు తీసుకెళ్లాలని అందులో ఉంది.

డాలస్‌లో ఉండే సభ్యుల్లో కొందరు దీన్ని గట్టిగా సమర్థించారు. రాత్రిపూట 911కు చేస్తే పోలీసు రావడానికి ఎంతసేపు పడుతుందో వాళ్లకు అనుభవం. కొందరు అంత గట్టిగానే వ్యతిరేకించారు. కమిటీలో ఎక్కువమంది అభిప్రాయం, అది నాది కూడా, ఇది: మాట ఇచ్చిన పెన్షన్ తీర్చాల్సిందే, ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్లకు అది బాకీ. కానీ ఎంతమంది పోలీసులుండాలో, రాబడిలో ఎంత వాటా ఇవ్వాలో ముందే చార్టర్‌లో రాసేస్తే, లైబ్రరీలు, రోడ్లు, ఫైర్ విభాగం మిగిలిన సగం కోసం కొట్టుకోవాలి. ఏటేటా బడ్జెట్ వేయడానికే కదా కౌన్సిల్‌ను ఎన్నుకుంటున్నాం. ఆస్టిన్‌లో 2021 నవంబరులో వెయ్యి జనాభాకు ఇద్దరు పోలీసులుండాలన్న ప్రతిపాదనను ఓటర్లు పెద్ద తేడాతో తిరస్కరించారు. దానికి ఏడాది ముందు అదే సిటీ పోలీసు బడ్జెట్‌ను బాగా తగ్గించింది. ఆ తర్వాత రాష్ట్రం చట్టం తెచ్చి, రెండున్నర లక్షల జనాభా దాటిన సిటీలు పోలీసు బడ్జెట్ తగ్గిస్తే ప్రాపర్టీ టాక్స్ పెంచుకోకుండా కట్టడి చేసింది. అంటే పెద్ద సిటీల్లో పోలీసు ఖర్చు పెరగడమే తప్ప తగ్గడం కష్టం. జనరల్ ఫండ్‌లో (సిటీ రోజువారీ ఖర్చుల నిధిలో) సగానికి పైగా పోలీసు, ఫైర్‌లకే వెళుతున్న చోట, పెట్టిన డబ్బుకు ఫలితం ఏమిటని అడగడమే మనకు మిగిలిన పని.

మాట్లాడే హక్కు

ఓటు హక్కు లేనివాళ్లం ఏం చేయగలమని హెచ్1 మీద, గ్రీన్ కార్డ్ మీద ఉన్న సభ్యులు నిరాశగా అడిగారు. 2019లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం, బహిరంగ సమావేశంలో అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా, దాన్ని చర్చకు తీసుకునే ముందు గానీ తీసుకున్నప్పుడు గానీ, మాట్లాడాలనుకున్న ఎవరికైనా కౌన్సిల్ అవకాశమివ్వాలి. పౌరసత్వం అడగరు. దుబాసీ ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. ఇది తెలిసిన రోజు పెద్దల విభాగంలో వచ్చిన ఉత్సాహం చూడాల్సింది. ఆగస్టు విచారణలో మన పెద్దావిడ ఒకరు తెలుగులోనే మాట్లాడారు, ఆవిడ మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. సాయంత్రం నడకకు వెళ్లే దారిలో దీపాలు లేకపోవడం, పోలీసు గస్తీ తగ్గడం గురించి ఆవిడ అడిగారు. కౌన్సిల్ సభ్యులు శ్రద్ధగా విన్నారు, దీపాల సంగతి సంబంధిత విభాగానికి అప్పగించారు. గస్తీ గురించి ఇంకా జవాబు రాలేదు. కొత్త కార్యవర్గం దాన్ని వదిలిపెట్టకూడదు.

అక్టోబరు మొదటి మంగళవారం టెక్సాస్‌లో నేషనల్ నైట్ అవుట్ జరుగుతుంది, వీధివాళ్లూ పోలీసులూ కలుసుకునే సాయంత్రం అది. మనవాళ్లు ఉన్న వీధుల్లో చాలాచోట్ల పోలీసులు, ఫైర్‌వాళ్లు వచ్చి కాసేపు కూర్చున్నారు. పోలీసుల పని ఎలా సాగుతుందో పౌరులకు నేర్పే సిటిజన్ పోలీస్ అకాడమీలో చేరడానికి ఆసక్తి చూపినవారి జాబితా కమిటీ దగ్గర ఉంది.

911 గురించి పెద్దలకు పెట్టిన శిక్షణ మళ్లీ పెట్టమని అడుగుతున్నారు, పెడతాం. 911కు ఫోన్ చేసినందుకు బిల్లు రాదు. అంబులెన్స్‌లో ఆసుపత్రికి తీసుకెళితే వస్తుంది, ఇన్సూరెన్స్‌కు పంపాలి. వీసా మీద వచ్చే తల్లిదండ్రులకు ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అందులో అంబులెన్స్ ఉందో లేదో చూడండి. బిల్లు భయంతో ఛాతీనొప్పిని తెల్లారేదాకా ఓర్చుకోవద్దని ప్రతి ఇంట్లో చెప్పండి. ఇంగ్లీషు రాకపోయినా ఫోన్ పెట్టేయకుండా "తెలుగు" అని చెబితే చాలా కేంద్రాలు దుబాసీని కలుపుతాయి. సెల్‌ఫోన్ బిల్లులో నెలకు 50 సెంట్లు 911 రుసుం అని ఉంటుంది, ఆ కేంద్రాలు నడవడానికి అది కూడా తోడ్పడుతుంది. ఇళ్లకు అలారం పెట్టుకున్నవాళ్లు సిటీ పర్మిట్ రెన్యూవల్ చూసుకోవాలి. తప్పుడు అలారాలకు జరిమానా పడుతోంది.

వచ్చే ఏడాదికి

సర్వసభ్య సమావేశం ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. మొదటిది, పౌర అవగాహన కమిటీని శాశ్వత కమిటీ చేయడం. రెండోది, సభ్యులు ఎక్కువగా ఉన్న ప్రతి సిటీకి, ప్రతి ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్‌కు ఒక ప్రతినిధిని నియమించి, జూలై నుంచి సెప్టెంబరు దాకా బడ్జెట్ సమావేశాలకు పంపడం. ఈ డిస్ట్రిక్ట్‌ల బోర్డుల్లో అయిదుగురు కమిషనర్లుంటారు, మన ప్రాంతంలో సాధారణంగా కౌంటీ కమిషనర్స్ కోర్టు (పేరుకు కోర్టే గానీ కౌంటీ పాలక మండలి) నియమిస్తుంది. పౌరసత్వం ఉన్న మన సభ్యులు వాటికి దరఖాస్తు చేయాలని కార్యవర్గం కోరుతోంది. మూడోది, స్వచ్ఛంద ఫైర్ డిపార్ట్‌మెంట్లకు ఇచ్చే విరాళాన్ని సంఘం వార్షిక బడ్జెట్‌లో ఒక పద్దుగా చేర్చడం. దీని మీద కోశాధికారికి కొన్ని అభ్యంతరాలున్నాయి, సమావేశంలో ఆయనే వివరిస్తారు.

కాలపట్టిక కూడా రాసుకోండి. టాక్స్ బిల్లు జనవరి 31లోగా కట్టాలి. ఆగస్టు మొదటి వారానికల్లా మీ కౌంటీ వెబ్‌సైట్‌లో ప్రతిపాదిత రేట్లు, ఆ రేటుతో మీ ఇంటికి పడే పన్ను, విచారణ తేదీలు కనిపిస్తాయి. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ లింకులు పెడతాం. విచారణకు రాగలిగినవారు మీ సిటీ ప్రతినిధికి ముందు చెబితే కార్లు సర్దుతాం. పిల్లలను చూసుకోవడానికి యువ విభాగం ఒప్పుకుంది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి